ఆనవాలు మిగలని నీళ్ళు: ఇవాళ్టి కళ సముద్రాన్ని ఎలా చూస్తోంది

ఆ గదిలోకి వెళ్ళాలంటే ముందు చెప్పులు విప్పాలి, ప్యాంటు పైకి మడుచుకోవాలి. గది అంటున్నాను గానీ నిజానికి అది పొడవాటి పాత గోడౌన్. ఫోర్ట్ కొచ్చిలో నీళ్ళ ఒడ్డునే ఉన్న ఆస్పిన్‌వాల్ హౌస్ అనే పాత వ్యాపార ప్రాంగణంలో ఉంది. ఒకప్పుడు మలబారు సరుకు ఓడలెక్కింది ఇలాంటి గోడౌన్ల నుంచే. 2016 డిసెంబరులో మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలే అనే, రెండేళ్ళకోసారి జరిగే కళా ప్రదర్శన కోసం అందులో సముద్రపు నీళ్ళు నింపారు. లోపలికి దిగినవాళ్ళు ఆ నీళ్ళని కాళ్ళతో తోసుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. పక్క గోడల మీద అక్కడక్కడా చిన్న ప్రశ్నలు. వినవా? చూడవా? నీళ్ళలో వేగంగా నడవలేం కాబట్టి ఒక్కో ప్రశ్న దగ్గరా కాసేపు ఆగక తప్పదు. చివరి గోడ దాకా వెళితే అక్కడ ఒక పేరు కనిపిస్తుంది: గాలిప్ కుర్దీ.

అలన్ కుర్దీ మనలో చాలామందికి గుర్తుంటాడు. సిరియా యుద్ధం నుంచి పారిపోతున్న శరణార్థుల పడవ మునిగి, 2015 సెప్టెంబరు 2న టర్కీ తీరంలో ఇసుకలో బోర్లా పడి ఉన్న ఎర్ర చొక్కా పసివాడు. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. గాలిప్ వాడి అన్న. ఐదేళ్ళవాడు. అదే పడవలో, అదే రోజు, తల్లితో పాటు మునిగిపోయాడు. తమ్ముడి ఫోటో తిరిగినట్టు అన్న ఫోటో తిరగలేదు. అలా ఫోటో లేకుండా పోయిన పిల్లవాడి కోసం చిలీ దేశపు కవి రావుల్ సురీతా ఆ గోడౌన్‌ని నీళ్ళతో నింపించారు. తాను వాడి తండ్రిని కాదనీ, కానీ గాలిప్ కుర్దీ తన కొడుకేననీ ఆ గోడ మీద రాశారు. ఆ పనికి ఆయన పెట్టిన పేరు 'బాధా సముద్రం'.

ఇందులో కళ ఏముంది, నీళ్ళు పోసిన గోడౌనే కదా అని ఎవరైనా అడిగితే అది తప్పు ప్రశ్నేం కాదు. మనకి అలవాటైన సముద్రం బొమ్మ వేరు. అందులో కెరటాలుంటాయి, తెరచాప ఎత్తిన పడవ ఉంటుంది, వెనక ఎర్రగా సూర్యుడు దిగుతుంటాడు. గోడకి తగిలిస్తే హాల్లో చల్లగా ఉంటుంది. ఇవాళ పేరున్న కళాకారుల దగ్గరికి వెళితే సముద్రం ఇలా దొరకదు. ఒకరు నలభై ఏళ్ళకు పైగా ఖాళీ నీళ్ళనే ఫోటో తీస్తున్నారు. ఒకరు లైఫ్ జాకెట్లు తెచ్చి భవనానికి కట్టారు. ఒకరు శిల్పాలు చేసి నీళ్ళ అడుగున వదిలేశారు. విడివిడిగా చూస్తే ఏదీ అర్థం కాదు. అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మాత్రం వీళ్ళందరినీ వేధిస్తున్నది ఒకటే సమస్య అని నాకు అనిపిస్తుంది.

ఆ సమస్య ఇది. నేల మీద ఏం జరిగినా ఏదో ఒక గుర్తు మిగులుతుంది. యుద్ధం జరిగితే కోట గోడ మీద గుండు దెబ్బ ఉంటుంది. మనిషి పోతే సమాధి ఉంటుంది. ఊరు ఖాళీ అయితే మొండిగోడలుంటాయి. సముద్రం మీద ఏం జరిగినా క్షణంలో నీళ్ళు కమ్ముకుంటాయి. ఓడ వెళ్ళిన దారి కూడా కాసేపటికి ఉండదు. కాకినాడ పక్కన ఉప్పాడ తీరాన్ని సముద్రం ఏళ్ళ తరబడి కోసుకుంటూ వస్తోంది. అక్కడి పెద్దవాళ్ళని మీ పాత ఇల్లు ఎక్కడండీ అని అడిగితే వేలు నీళ్ళ వైపే చూపిస్తారు. 'అదుగో, ఆ తెప్ప ఆడతందే, దానికి కొంచెం ఇవతల' అంటారు. మనం చూస్తే అక్కడ నీళ్ళు. చెప్పేవాళ్ళ కళ్ళలో మాత్రం వీధి ఉంటుంది, అరుగు ఉంటుంది. ఆ వేలికీ నీళ్ళకీ మధ్య ఉన్న ఖాళీలోనే ఇవాళ్టి సముద్ర కళంతా పుట్టింది. బొమ్మ అంటేనే గుర్తు పెట్టడం కదా. గుర్తు నిలవని చోట ఏం గియ్యాలి?

పాతకాలం వాళ్ళకి ఈ చింత అసలు లేదనుకోవద్దు. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1831 ప్రాంతంలో చేసిన పెద్ద అల బొమ్మని ఇవాళ టీ కప్పుల మీద, టీషర్టుల మీద, ఫోన్ కవర్ల మీద చూస్తున్నాం. ఈసారి కనిపించినప్పుడు ఒక్కసారి అల కింద చూడండి. మూడు పొడుగాటి పడవలున్నాయి. వాటిల్లో తల వంచుకుని పడవని గట్టిగా పట్టుకున్న మనుషులున్నారు. అల అందానికి మురిసిపోయే మన కళ్ళు పని మీద వెళుతున్న ఆ మనుషుల్ని దాటేస్తాయి.

ఇంకా సూటిగా ఈ సమస్యని పట్టుకున్నది ఇంగ్లండుకి చెందిన చిత్రకారుడు టర్నర్. 1781లో 'జాంగ్' అనే బానిసల ఓడలో నూట ముప్పై మందికి పైగా ఆఫ్రికన్లని ప్రాణాలతోనే సముద్రంలోకి తోసేశారు. సరుకు నష్టపోయాం, బీమా డబ్బు ఇవ్వండని తర్వాత ఓడ యజమానులు కోర్టుకెక్కారు. కోర్టులో వాదన నడిచింది బీమా మీదే, హత్య మీద కాదు. ఆ ఘటన మనసులో పెట్టుకునే టర్నర్ 1840లో తన బానిస ఓడ చిత్రాన్ని వేశారని చాలామంది అంటారు. ఇప్పుడది అమెరికాలో బోస్టన్ మ్యూజియంలో ఉంది. చూడగానే కంటికి నిండేది సూర్యాస్తమయం. నిప్పు రంగు ఆకాశం, దాని కింద మరిగిపోతున్న నీళ్ళు. ఓడ దూరంగా, వెనక్కి ఉంది. కుడి చేతివైపు కింది మూలకి వస్తే నీళ్ళలోంచి పైకి లేచిన ఒక కాలు కనిపిస్తుంది. చుట్టూ చేపలు మూగి ఉంటాయి. కొంచెం పక్కన నీళ్ళ మీద ఇనుప గొలుసులు తేలుతుంటాయి.

ఇనుము నీళ్ళ మీద తేలదు. జీవితమంతా సముద్రాన్ని గమనించిన టర్నర్‌కి ఆ సంగతి తెలియకపోవడం ఉండదు. చూసినవాళ్ళు కొందరు దాన్ని తప్పు పట్టారు. నాకు మాత్రం ఆ చిత్రంలో అన్నిటికంటే నిజమైన భాగం అదే. గొలుసు నిజంగా ఎలా ఉంటుందో అలా వేస్తే మనకి కనిపించకూడదు, అడుగుకి వెళ్ళిపోవాలి. ఆయన దాన్ని పైనే నిలబెట్టారు. సముద్రం మింగేసిన సాక్ష్యాన్ని బలవంతాన పైకి లాగి పట్టుకున్నారు. నూట ఎనభై ఏళ్ళ తర్వాత కళాకారులు చేస్తున్నది కూడా, దారులు వేరైనా, ఇదే పని.

మొదటి దారి చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. టోక్యోలో పుట్టిన హిరోషి సుగిమోటో 1980లో జమైకా తీరంలో ఎత్తైన చోట నిలబడి కరీబియన్ సముద్రాన్ని ఫోటో తీశారు. పాతకాలపు పెద్ద పెట్టె కెమెరా, నలుపు-తెలుపు ఫిల్మ్. ఫోటోని సరిగ్గా సగానికి కోస్తూ దిగంతం గీత. పైన సగం గాలి, కింద సగం నీళ్ళు. పడవ లేదు, పక్షి లేదు, ఒడ్డు లేదు. అప్పటి నుంచి దేశదేశాల సముద్రాల్ని ఇదే కొలతలో తీస్తూ వచ్చారు. ప్రదర్శనలో వరసగా పెడితే దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది కింద రాసిన పేరుతోనే: ఏ సముద్రం, ఏ చోటు, ఏ సంవత్సరం.

ఆదిమానవుడు చూసిన దృశ్యాన్ని ఉన్నదున్నట్టు ఇవాళ మనం చూడగలమా అన్న ప్రశ్నతో ఈ వరస మొదలైందని ఆయనే చెప్పారు. కొండలు తరిగిపోయాయి, అడవులు పోయాయి, నేల మీద మనిషి చెయ్యి పడని చోటు దాదాపు లేదు. సముద్రం పైభాగం మాత్రం అలాగే ఉంది. ఈ మాట చదివాక ఆ ఫోటోలు ధ్యానంలా కనిపిస్తాయి, చాలామంది అలాగే చూస్తారు. నాకు మరో సంగతి కూడా తడుతుంది. ఆ కరీబియన్ నీళ్ళ మీదే శతాబ్దాల పాటు బానిసల ఓడలు నడిచాయి. ఫోటోలో దాని జాడ ఉందా? లేదు. ఉండదు కూడా. ప్రశాంతతా, మరుపూ ఒకే ఫోటోలో పడతాయి, రెండిటికీ మధ్య గీత గియ్యడం కుదరదు.

చిత్రకారిణి విజా సెల్మిన్స్ దిగంతం గీతనే తీసేశారు. 1938లో లాట్వియాలోని రీగాలో పుట్టి, యుద్ధంలో ఊరు వదిలి, చివరికి అమెరికా చేరిన కుటుంబం వాళ్ళది. 1960ల చివర్లో లాస్ ఏంజెలిస్‌లో ఉన్నప్పుడు సముద్రంలోకి కట్టిన వంతెన మీది నుంచి నీళ్ళని ఫోటోలు తీసుకుని, వాటిని చూస్తూ పెన్సిల్‌తో కాగితం మీద గీశారు. దిగంతం లేదు, ఆకాశం లేదు. కాగితం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చిన్న చిన్న అలలే. దూరం నుంచి ఫోటో అనుకుంటాం. దగ్గరికి వెళితే లక్షల పెన్సిల్ గీతలు. మన కన్ను ఆనుకోవడానికి అందులో ఒక్క వస్తువు ఉండదు. ఫోటో కెమెరాకి క్షణంలో అయిపోయిన పనిని ఆమె చెయ్యి ఎంతో కాలం కూర్చుని మళ్ళీ చేసింది. నిమిషం కూడా నిలవని అలల మడతకి అంతటి ఓపిక పెట్టడం నన్ను కదిలిస్తుంది. ఒక మనిషి ఇంతసేపు దీన్ని చూసింది అనే సాక్ష్యం ఆ కాగితం మీద ఉంది.

ఇక్కడ కాస్త మన వైపు వస్తాను, ఎందుకంటే ఖాళీగా కనిపించే ఆ నీళ్ళు మనవాళ్ళకి ఖాళీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి వందల మంది మగవాళ్ళు ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద వేట చేస్తారు. 2018 చివర్లో అలా వేటకి వెళ్ళిన మన మత్స్యకారుల్ని సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మళ్ళీ మన నేల మీద కాలు పెట్టారు. ఏడాదికి పైగా జైలు. ఏ గీత దాటినందుకు? నీళ్ళ మీద ఆ గీత లేదు, మ్యాపులో ఉంది. సుగిమోటో ఫోటోలో కనిపించే గీత నిజానికి ఎక్కడా లేదు, అది మన చూపు ఆగిపోయే చోటు. మత్స్యకారుల్ని జైల్లో పెట్టించిన గీత ఎవరికీ కనిపించదు, కానీ ఉంది. సముద్రం బొమ్మ వేసే మనిషి ఈ రెండో గీతని ఎలా చూపించాలి?

ఈ ప్రశ్నకి నాకు తెలిసినంతలో బాగా జవాబు చెప్పిన పని అదే గుజరాత్ తీరం నుంచి వచ్చింది. ముంబైలో షైనా ఆనంద్, అశోక్ సుకుమారన్ మొదలుపెట్టిన 'క్యాంప్' అనే కళాకారుల బృందం ఉంది. వాళ్ళు 2009లో షార్జా బినాలే కోసం అక్కడి రేవులో పని చేస్తూ, కచ్ నుంచి వచ్చే పెద్ద చెక్క ఓడల నావికులతో స్నేహం చేశారు. ఈ ఓడలు మాండ్వి, సలాయా లాంటి చోట్ల ఇప్పటికీ చేత్తో కడతారు. మన కోరంగిలో కూడా ఒకప్పుడు ఇలాంటి చెక్క ఓడలు కట్టేవాళ్ళు. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అని పిలిచారంటే ఆ రేవు ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. కోరంగి రేవు పూడిపోయింది. కచ్ ఓడలు మాత్రం డీజిల్ ఇంజన్ పెట్టుకుని గల్ఫ్ నుంచి సోమాలియా దాకా, పెద్ద కంటైనర్ ఓడలు వెళ్ళని చిన్న రేవులకి సరుకు మోస్తున్నాయి.

ఆ నావికుల దగ్గర ఫోన్లున్నాయి. ఫోన్లలో వీడియోలున్నాయి. పక్కనుంచి ఇంకో ఓడ వెళితే తీస్తారు. తుఫానులో ముక్కు పైకెత్తి కింద పడే ఓడని తీస్తారు. డెక్ మీద వంట, నిద్ర, గొడవ, నమాజు, ఏదైనా. తర్వాత దానికి నచ్చిన సినిమా పాటో ఖవ్వాలీయో తగిలించి బ్లూటూత్‌లో తోటివాళ్ళకి పంపుకుంటారు. క్యాంప్ వాళ్ళు ఏళ్ళ తరబడి వాటిని సేకరించి, నావికులతో కలిసి 2013లో 83 నిమిషాల సినిమా చేశారు. పేరు 'ఫ్రమ్ గల్ఫ్ టు గల్ఫ్ టు గల్ఫ్'. అందులో కచ్ వాళ్ళతో పాటు సింధ్, బలూచిస్తాన్, దక్షిణ ఇరాన్ నావికులు కూడా ఉన్నారు. మ్యాపు మీద శత్రువులు, ఫోన్లో మిత్రులు.

ఆ సినిమాలో నన్ను పట్టుకున్నది ఫోటో నాణ్యత. ఒక దృశ్యం వెడల్పుగా, ఒకటి ఇరుకుగా. కొన్ని ఎంత మసకగా ఉంటాయంటే సముద్రం నీలం, బూడిద రంగు గళ్ళుగా విడిపోతుంది. ఫోను మారిన కొద్దీ గళ్ళు చిన్నవవుతాయి. అంటే ఎవరి చేతిలో ఎలాంటి ఫోన్ ఉందో మనకి తెర మీదే తెలుస్తుంది. పాట కూడా అంతే. వెనక నుంచి దర్శకుడు వేసింది కాదు, తీసిన కుర్రాడు తనే వేసుకున్నది. ఇంటికి దూరంగా నెలల తరబడి నీళ్ళ మీద ఉన్నవాడు ఆ అలలకి ఏ పాట సరిపోతుందనుకున్నాడో వింటున్నాం. సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూసిన బొమ్మలు వందల ఏళ్ళుగా ఉన్నాయి. సముద్రం మీద బతికేవాళ్ళు తమకోసం తాము తీసుకున్న బొమ్మలు ఇవి. మిగతా అన్నిటి కంటే ఈ పనినే నేను ఎక్కువగా ఇష్టపడటానికి అదే కారణం.

దీనికి ముందు దారి వేసింది అమెరికన్ ఫోటోగ్రాఫర్ అలన్ సెకులా. 1989 నుంచి 1995 దాకా ఆయన రోటర్‌డామ్, ఉల్సాన్, గ్డాన్స్క్ లాంటి రేవుల్లో తిరిగి 'ఫిష్ స్టోరీ' అనే పెద్ద ఫోటోల వరస చేశారు. 1956 ఏప్రిల్‌లో 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 పెట్టెలతో న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కి వెళ్ళినప్పుడు కంటైనర్ల కాలం మొదలైంది. దాంతో సరుకు పెట్టెలోకి, పెట్టె ఊరికి దూరంగా ఉన్న రేవులోకి వెళ్ళిపోయాయి. ప్రపంచ వ్యాపారంలో పరిమాణం లెక్కన ఇప్పటికీ 80 శాతానికి పైగా నడిచేది సముద్రం మీదే. అయినా నగరాల్లో ఉండేవాళ్ళ ఆలోచనలో సముద్రం సెలవు రోజుకి మాత్రమే మిగిలింది. సెకులా ఆ మర్చిపోయిన పనివాళ్ళని, వెల్డింగు చేసేవాళ్ళని, ఇంజన్ గదిలో ఉన్నవాళ్ళని ఫ్రేములోకి తెచ్చారు.

ఇంకో దారి సముద్రం అడుక్కి వెళ్ళడం. బ్రిటిష్ శిల్పి జేసన్ డికేర్స్ టేలర్ 2006లో కరీబియన్ దీవి గ్రెనడాలో మోలినేర్ అఖాతం అడుగున శిల్పాలు పెట్టారు. 2004లో వచ్చిన ఐవాన్ తుఫాను అక్కడి పగడపు దిబ్బల్ని బాగా దెబ్బతీసింది. మిగిలిన దిబ్బల మీద డైవింగ్ చేసేవాళ్ళ తాకిడి తగ్గించడం, పగడాలు పట్టుకోవడానికి కొత్త చోటు ఇవ్వడం ఈ పని ఉద్దేశాలు. మామూలు సిమెంటులో క్షార గుణం ఎక్కువ, పగడం దాని మీద సరిగ్గా అంటుకోదు. అందుకని క్షార గుణం తగ్గించిన సిమెంటు వాడారు. కొన్నేళ్ళకి ముఖాల మీద స్పాంజీలు, పగడాలు పెరిగి, ముక్కు ఎక్కడో కళ్ళు ఎక్కడో తెలియకుండా అయిపోతాయి. శిల్పం అసలు పూర్తయ్యేది శిల్పి చేతిలోంచి వెళ్ళాకే.

అక్కడ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడిన పిల్లల శిల్పం ఒకటుంది. అది చూసిన చాలామంది బానిసల ఓడల నుంచి సముద్రంలో పడేసిన ఆఫ్రికన్ల స్మారకం అనుకున్నారు. తన ఉద్దేశం అది కాదని టేలర్ చెప్పారు. అయినా జనం అలా చదవడం మానలేదు. నాకైతే జనం చదివిందే సరైనదనిపిస్తుంది. కరీబియన్ అడుగున నల్లటి పిల్లలు చేతులు పట్టుకుని నిలబడి ఉంటే మనసు ఇంకెక్కడికి పోతుంది? వందల ఏళ్ళుగా సమాధి లేని ఒక దుఃఖం, నిలబడటానికి చోటు దొరకగానే వచ్చి నిలబడింది.

ఘనాలో పుట్టి లండన్‌లో ఉంటున్న సినిమా దర్శకుడు జాన్ అకొంఫ్రా ఆ దుఃఖాన్నీ, సముద్ర జీవుల దుఃఖాన్నీ పక్కపక్కన పెట్టారు. 2015 వెనిస్ బినాలేలో చూపిన 'వర్టిగో సీ' 48 నిమిషాల వీడియో, మూడు తెరల మీద ఒకేసారి నడుస్తుంది. ఒక తెర మీద తిమింగలాల వేట, పక్క తెర మీద బానిస ఓడల జ్ఞాపకం, ఇంకో తెర మీద బీబీసీ వాళ్ళు తీసిన అద్భుతమైన సముద్ర జీవుల దృశ్యాలు. ఏ ఒక్క తెరనీ స్థిమితంగా చూడలేం. అందాన్ని చూస్తుండగానే కంటి కొసన రక్తం తగులుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ దారుల్లో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. చనిపోయినవాళ్ళ గుర్తుని తెచ్చి ప్రదర్శనలో పెట్టడానికి ఎవరికి హక్కుంది? 2016 ఫిబ్రవరిలో చైనా కళాకారుడు అయ్ వేవే శరణార్థులు ఒడ్డున వదిలేసిన 14,000 లైఫ్ జాకెట్లని గ్రీసు దీవి లెస్బోస్ నుంచి తెచ్చి బెర్లిన్‌లో ఒక సంగీత మందిరం స్తంభాలకి చుట్టారు. నగరం నడిబొడ్డున అంత నారింజ రంగు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు, అంతవరకు అది పని చేసింది. అయితే ఒడ్డున వదిలేసిన జాకెట్ ఒడ్డుకి చేరినవాళ్ళది. చేరనివాళ్ళవి అందులో లేవు. ఆ సంగతి స్తంభాలు చెప్పలేవు.

2019లో వెనిస్ బినాలేకి క్రిస్టోఫ్ బూకెల్ అనే స్విస్ కళాకారుడు ఏకంగా మునిగిన ఓడనే తెచ్చారు. 2015 ఏప్రిల్ 18న లిబియా, ఇటలీ మధ్య మునిగి ఏడు వందల మందికి పైగా వలసదారుల ప్రాణాలు తీసుకున్న చేపల ఓడ అది. బతికింది 28 మంది. ఇటలీ నౌకాదళం దాన్ని 2016లో అడుగు నుంచి పైకి తీసింది. వెనిస్‌లో రేవు పక్కన నిలబెట్టినప్పుడు అది ఏమిటో చెప్పే బోర్డు పక్కన పెట్టలేదు. దగ్గర్లోనే కాఫీ తాగే చోటు. తెలియనివాళ్ళు తుప్పు పట్టిన ఓడ ముందు నిలబడి ఫోటోలు దిగారు. మాటల్లేకుండా వస్తువే మాట్లాడాలి అన్న వాదన నాకు తెలుసు. ఇక్కడ అది నిలబడదని నా అభిప్రాయం. ఎందుకంటే అదే ఓడలో దొరికిన మృతదేహాల్ని మిలాన్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టినా కట్టానియో బృందం పరీక్షించినప్పుడు, మాలీ నుంచి వచ్చిన పధ్నాలుగేళ్ళ కుర్రాడి జాకెట్ లోపల కుట్టి దాచిన కాగితం ఒకటి బయటపడింది. అది వాడి స్కూలు ప్రోగ్రెస్ కార్డు. మార్కులు చూపిస్తే యూరప్‌లో చదువుకోనిస్తారని నమ్మి ఉంటాడు. వెనిస్‌లో నిలబెట్టిన అంత పెద్ద ఇనుప ఓడ చెప్పలేనిది ఆ మడత కాగితం చెప్పింది.

మళ్ళీ సురీతా దగ్గరికి వస్తే, కొచ్చిలో ఆయన ఏ వస్తువూ ఎందుకు పెట్టలేదో ఇప్పుడు తెలుస్తుంది. గాలిప్ చొక్కా లేదు, బూటు లేదు, ఫోటో లేదు. లేని ఫోటోని ఊహించి గియ్యడానికి కూడా ఆయన ప్రయత్నించలేదు. నీళ్ళు పెట్టి, మనల్నే అందులో దింపారు. మన కాళ్ళు తడుస్తాయి, నడక కష్టమవుతుంది, మన నడకతో నీళ్ళు కదిలి చప్పుడవుతాయి, మనం దాటగానే మళ్ళీ సర్దుకుంటాయి. మనం నడిచిన గుర్తు మన కళ్ళముందే చెరిగిపోతుంది. అప్పుడు చివరి గోడ మీద పేరు. ముందే పేరు చదివి ఉంటే అయ్యో అనుకుని వెళ్ళిపోయేవాళ్ళం.

ఇది ఆయనకి వేరే దేశపు విషాదం కూడా కాదు. 1973 సెప్టెంబరు 11న చిలీలో సైన్యం అధికారం లాక్కున్న రోజున సురీతా వల్పరైసో రేవు పట్టణంలో ఇంజనీరింగ్ విద్యార్థి. పట్టుకుపోయి చాలామందితో పాటు ఒక ఓడ అడుగు గదిలో పడేశారు. ఆ తర్వాతి ఏళ్ళలో వెయ్యి మందికి పైగా కనిపించకుండా పోయారు. కొందరిని హెలికాప్టర్ల నుంచి సముద్రంలో పడేశారని దేశాధ్యక్షుడు రికార్డో లాగోస్ 2001 జనవరిలో టీవీలో ప్రజలకి చెప్పారు. కొడుకు ఏమయ్యాడని ఇరవై ఎనిమిదేళ్ళు అడిగిన తల్లికి దొరికిన జవాబు పసిఫిక్ మహాసముద్రం. వెళ్ళి పువ్వులు పెట్టడానికి అందులో చోటెక్కడ?

శవాలు తేలకుండా రైలు పట్టా ముక్కలు కట్టి పడేసేవారు. 2004లో ఒక న్యాయమూర్తి ఆదేశంతో డైవర్లు చిలీ తీరంలో కింతెరో అఖాతం అడుగుకి దిగి కొన్ని పట్టాల్ని పైకి తెచ్చారు. ముప్పై ఏళ్ళు ఉప్పునీళ్ళలో ఉన్న ఇనుము. మందంగా తుప్పు, దాని మీద గవ్వలు, పాచి. మనిషి ఆనవాలు ఏదీ లేదు. ఇప్పుడవి శాంటియాగోలో ఒకప్పుడు హింసా శిబిరంగా ఉండి, తర్వాత స్మారకంగా మారిన విల్లా గ్రిమాల్దీలో ఉన్నాయి. వాటిలో ఒక పట్టాని నిదానంగా పరీక్షించినప్పుడు తుప్పు పొరలో గుండ్రంగా ఏదో అతుక్కుని కనిపించింది. చూస్తే చొక్కా గుండీ.